ఆకురాలే కాలంలో పిస్గా అడవి: బ్లాక్ మౌంటెన్ ట్రైల్‌పై మౌంటెన్ బైక్ రైడ్‌కి సమగ్ర మార్గదర్శి

అక్టోబర్ వచ్చిందంటే షార్లెట్, రాలీ, అట్లాంటా వైపు ఉన్న తెలుగువాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: "ఊరి దగ్గర పార్కుల్లో బాగానే తొక్కుతున్నాం. నార్త్ కరోలినా కొండల్లో, రంగులు తిరిగిన అడవిలో, నిజంగా కష్టమైన ట్రైల్ ఒకటి చేయాలంటే ఎలా?" దానికి జవాబే ఇది. ఎంచుకున్న దారి బ్రెవర్డ్ పక్కన పిస్గా నేషనల్ ఫారెస్ట్‌లోని బ్లాక్ మౌంటెన్ ట్రైల్.

ముందుగా ఒక మాట. ఈ రైడ్‌లో అసలు కష్టం ఎత్తు కాదు, నేల కనిపించకపోవడం. వేర్లు, రాళ్లు, అడ్డంగా పాతిన దుంగలు, అన్నీ ఆకుల కింద ఉంటాయి. మన నల్లమల వైపు చెట్లు ఆకు రాల్చేది ఎండలు మొదలయ్యే ముందు. కాబట్టి అక్కడి ఆకు ఎండి గలగలలాడుతుంది. ఇక్కడి ఆకు మంచుకీ వానకీ తడిసి, పొరలు పొరలుగా నేలకు అతుక్కుపోతుంది. టైర్ల గాలి, బ్రేకులు, బయల్దేరే వేళ, ఏదైనా దీన్ని దృష్టిలో పెట్టుకునే నిర్ణయించుకోవాలి.

1. ఈ రైడ్ ఎవరికి?

దూరం 20–25 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఎక్కుడు మొత్తం 600 మీటర్లకు పైనే. అలవాటున్నవాళ్లకు నాలుగు గంటలు, మొదటిసారి వచ్చినవాళ్లకు ఐదారు గంటలు పడుతుందని లెక్కేసుకోండి.

ఈ నాలుగూ చేయగలిగితేనే పూర్తి దారి పెట్టుకోండి:

- గంటన్నర పాటు ఆగకుండా కంకర రోడ్డు ఎత్తు ఎక్కగలగాలి
- మోకాలి ఎత్తు బండమెట్టును సైకిల్ మీదే నెమ్మదిగా దిగగలగాలి
- నిటారు దిగుడులో చక్రం జారనివ్వకుండా ముందు బ్రేకు వాడగలగాలి
- సైకిల్‌ను అరగంట సేపు నెట్టుకుంటూ, మోసుకుంటూ కొండెక్కగలగాలి

వీటిలో ఒకటి తక్కువైనా 9వ భాగంలో చెప్పిన పొట్టి దారి చేయండి. అదీ తక్కువదేం కాదు.

2. రోజు, వేళ ఎంచుకోవడం

బ్రెవర్డ్ చుట్టుపక్కల, ఈ ట్రైల్ ఉన్న ఎత్తులో రంగులు బాగా కనిపించేది అక్టోబర్ రెండో సగం నుంచి నవంబర్ మొదటి వారం వరకు. పైన కొండకొమ్ముల్లో ముందు, కింద లోయల్లో తర్వాత రంగు తిరుగుతుంది.

ముందు రోజు భారీ వాన పడి ఉంటే రైడ్ వాయిదా వేయండి. తడి ఆకు కింద తడి వేరు ఉంటే ఏ టైరూ పట్టదు. పైగా బురద మీద తొక్కితే బాట కోసుకుపోతుంది. దాన్ని బాగుచేసేది చాలావరకు స్వచ్ఛందంగా వచ్చి పనిచేసేవాళ్లు.

పొద్దున తొమ్మిదికల్లా తొక్కడం మొదలుపెట్టాలి. దిగుడు మధ్యాహ్నం పన్నెండుకూ మూడుకూ మధ్య పడాలి. అప్పటికి మంచు ఆరుతుంది, ఎండ నెత్తిమీద ఉంటుంది. నాలుగు దాటాక ఎండ ఏటవాలుగా చెట్ల మధ్య నుంచి పడుతుంది. బాట మీద చారలు చారలుగా వెలుగూ నీడా పరుచుకుని, రాయేదో నీడేదో తేలదు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. ఆ వారం నుంచి ఎనిమిదికే బయల్దేరండి.

బయల్దేరే ముందు రాత్రి ఫారెస్ట్ సర్వీస్ వెబ్‌సైట్‌లో మూసివేతల పేజీ తప్పకుండా చూడండి. 2024 సెప్టెంబర్ చివర్లో హరికేన్ హెలీన్ ఈ ప్రాంతపు అడవులను, రోడ్లను బాగా దెబ్బతీసింది. పాత మ్యాపులో ఉన్న దారి ఇప్పుడు తెరిచే ఉందనుకోవడం తప్పు.

ఎలక్ట్రిక్ సైకిల్ ఉన్నవాళ్లకు: ఫారెస్ట్ సర్వీస్ దాన్ని మోటారు వాహనంగా లెక్కిస్తుంది. మోటార్లకు అనుమతి లేని ఈ ట్రైల్ మీద అది చెల్లదు.

3. సైకిల్‌ని సిద్ధం చేయడం

రైడ్‌కి వారం ముందే ఈ పని పెట్టుకోండి. విడిభాగం ఏదైనా కావాలంటే తెప్పించుకునే వ్యవధి ఉంటుంది. ముందూ వెనకా సస్పెన్షన్ ఉండి, 130–150 మి.మీ. ట్రావెల్ (సస్పెన్షన్ కుంగే దూరం) ఉన్న సైకిల్ ఇక్కడ హాయిగా ఉంటుంది. ముందు ఫోర్కు మాత్రమే ఉన్నదానితోనూ చేయొచ్చు, కాని దిగుడులో వేగం సగానికి తగ్గించుకోవాలి.

టైర్లు. వెడల్పు 2.4 అంగుళాలు లేదా ఆపైన ఉండాలి. ముందు టైరుకు పొడవాటి, ఎడంగా ఉన్న గుబ్బలు కావాలి. గుబ్బ ఆకుల పొరను దాటి మట్టిని అందుకుంటేనే పట్టు దొరుకుతుంది. దగ్గర దగ్గరగా గుబ్బలున్న టైరు ఆకులను ఇరికించుకుని నున్నగా అయిపోతుంది. కొత్త టైరు ఒక్కటే కొనగలిగితే ముందుకే కొనండి.

గాలి. 70 కిలోల మనిషికి, ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) టైర్లకు ముందు 20–22, వెనక 23–25 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి. బరువు పది కిలోలు పెరిగితే రెండు పీఎస్‌ఐ పెంచండి. గాలి ఎక్కువైతే టైరు వేరు మీద బంతిలా ఎగురుతుంది. మరీ తక్కువైతే ఆకుల కింద దాగిన రాయి రిమ్ముకు తగులుతుంది. ఇంటి దగ్గర వెచ్చని గ్యారేజీలో కొట్టిన గాలి కొండ మీద చలికి కాస్త తగ్గుతుంది కాబట్టి పార్కింగ్‌లో మళ్లీ కొలవండి.

సీలెంట్ (ట్యూబ్‌లెస్ టైరులో చిన్న రంధ్రాలను పూడ్చే ద్రవం). పోసి మూడు నెలలు దాటితే ఎండిపోయి ఉంటుంది. 29 అంగుళాల టైరుకు దాదాపు 100–120 మి.లీ. పోయండి.

బ్రేకులు. ప్యాడ్ మీద అరిగే పదార్థం ఒక మిల్లీమీటరుకు దగ్గరపడితే మార్చండి. తడి ఆకులతో కలిసిన ఇసుక ప్యాడ్‌ని ఒక్క రోజులోనే బాగా తినేస్తుంది. రెజిన్ ప్యాడ్ల కంటే మెటల్ ప్యాడ్లు తడిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. అయితే మీ డిస్కు వాటికి పనికొస్తుందో లేదో దాని మీద రాసి ఉన్నది చూసుకోండి. షిమానో డిస్కు 1.5 మి.మీ. మందానికి అరిగిపోతే పడేయాల్సిందే. లివర్ నొక్కితే హ్యాండిల్ దాకా మెత్తగా వస్తోందా? బ్రేకు గొట్టంలో గాలి చేరింది. బ్లీడ్ చేయించకుండా, అంటే ఆ గాలి తీయించకుండా, కొండెక్కొద్దు.

సస్పెన్షన్. సామానంతా వేసుకుని సైకిల్ ఎక్కినప్పుడు ఫోర్కు 15–20 శాతం, వెనక షాక్ 25–30 శాతం కుంగాలి. రీబౌండ్‌ను, అంటే కుంగిన సస్పెన్షన్ తిరిగి లేచే వేగాన్ని, మామూలు కంటే ఒక క్లిక్ వేగంగా పెట్టండి. వరసగా వేర్లు తగిలేటప్పుడు చక్రం వెంటవెంటనే కిందికి దిగాలి. రీబౌండ్ నెమ్మదిగా ఉంటే ఫోర్కు కుంగినది కుంగినట్టే ఉండిపోతుంది.

గేర్లు. ముందు 30 లేదా 32 పళ్ల చైన్‌రింగ్, వెనక పెద్ద చక్రానికి 50కి పైగా పళ్లున్న క్యాసెట్ (గేర్ల చక్రాల గుత్తి) ఉంటే మోకాళ్లు బతుకుతాయి. చైన్ చెకర్‌తో కొలిచి, సాగు 0.5 శాతం దాటితే చైను మార్చండి. అరిగిన చైను నిటారు ఎక్కుడులోనే పళ్ల మీద ఎగిరి జారుతుంది.

చివరగా ప్రతి బోల్టూ ఒకసారి చూడండి. హ్యాండిల్‌ని పట్టే స్టెమ్ బోల్టులు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు. దాని మీద వేరే అంకె రాసి ఉంటే అదే పాటించండి.

4. వెంట ఉండాల్సినవి

అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఏదైనా విరిగితే మీ దగ్గర ఉన్న వస్తువులతోనే బయటపడాలి.

మరమ్మతుకు:
- ట్యూబు ఒకటి, టైరు లివర్లు రెండు, చేతి పంపు
- ట్యూబ్‌లెస్ ప్లగ్గులు
- చైన్ టూల్ ఉన్న మల్టీటూల్, మీ చైనుకు సరిపోయే క్విక్ లింకులు రెండు
- మీ సైకిల్‌కే సరిపోయే డిరైలర్ హ్యాంగర్ (చైనును గేర్ల మధ్య జరిపే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క)
- జిప్ టైలు, కాస్త డక్ట్ టేపు

ఒంటికి:
- నీళ్లు 2.5–3 లీటర్లు
- గంటకు 40–60 గ్రాముల పిండిపదార్థం లెక్కన తిండి. పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, అరటిపండు చక్కగా పనికొస్తాయి. పులిహోర డబ్బా కారులో ఉంచుకోండి, తిరిగొచ్చాక తినొచ్చు
- చెమట పీల్చే లోపలి చొక్కా, గాలి ఆపే పల్చని జాకెట్, పూర్తి వేళ్ల గ్లోవ్స్, మోకాలి ప్యాడ్లు. నూలు బనియను వద్దు. అది చెమటకు తడిసి, దిగేటప్పుడు ఒళ్లు వణికిస్తుంది
- తెల్లని లేదా లేత గులాబీ రంగు అద్దాలు. నల్లద్దాలు పెట్టుకుంటే రోడోడెండ్రాన్ పొదల కింద ఏమీ కనబడదు
- చిన్న హెడ్‌లైటు, విజిల్, మడత పడే పలచని ఎమర్జెన్సీ దుప్పటి, గాయాలకు పట్టీలు
- మెరిసే నారింజ రంగు చొక్కా లేదా హెల్మెట్ కవరు. ఇది వేటకాలం, ఈ అడవిలో వేటకు అనుమతి ఉంది. బ్యాగు వేసుకుంటే చొక్కా కప్పుకుపోతుంది కాబట్టి బ్యాగుకూ ఒక నారింజ గుడ్డ కట్టండి

మ్యాపు ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి, కాగితం మీదా ఒకటి ఉంచుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, ఆ వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లోవాళ్లకు రాసిచ్చి రండి.

5. కంకర రోడ్డు ఎక్కుడు

మొదలు: యూఎస్ 276 రోడ్డు మీద రేంజర్ స్టేషన్ దగ్గరున్న బ్లాక్ మౌంటెన్ ట్రైల్‌హెడ్. అక్కడ కారు పెట్టి, అదే రోడ్డు మీద అడవి లోపలికి కొద్ది దూరం వెళ్లి, కుడివైపు ఏవరీ క్రీక్ (Avery Creek) రోడ్డు, అంటే 477 నంబరు అటవీ రోడ్డు పట్టుకోవాలి. గుర్రపుశాలలు దాటాక కుడివైపు క్లాహామర్ రోడ్డు వస్తుంది. దాని నంబరు 5058. ఇక బక్‌హార్న్ గ్యాప్ దాకా అదే దారి. గ్యాప్ అంటే రెండు కొండల మధ్య పల్లంగా ఉన్న చోటు.

ఈ రోడ్డు మీద అందరూ చేసే పొరపాటు ఒకటే: మొదటి అరగంట గబగబా తొక్కేయడం. పక్కవాళ్లతో మామూలుగా మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. మాట తెగుతోందంటే గేరు తగ్గించండి. కాళ్లలో సగం బలమైనా కొండకొమ్ము మీదికి మిగలాలి. అలిసిన కాలు దిగుడులో పెడల్ మీద నిలవదు.

ప్రతి ఇరవై నిమిషాలకు రెండు గుక్కల నీళ్లు, ముప్పావు గంటకొకసారి ఏదో ఒకటి తినండి. చలిలో దాహం తెలియదు, అందుకే గడియారం చూసి తాగాలి.

6. బక్‌హార్న్ గ్యాప్ నుంచి సైకిల్ మోయడం

గ్యాప్‌లో తెల్ల గుర్తులున్న బ్లాక్ మౌంటెన్ ట్రైల్ రోడ్డును దాటుతుంది. మీరు దక్షిణం వైపు, అంటే బయల్దేరిన దిక్కుకు వెళ్లే కొమ్మను పట్టుకోవాలి. రెండో కొమ్మ పట్టుకుంటే క్లబ్ గ్యాప్ వైపు పోతారు. ఆగి, మ్యాపు చూసి, దిక్కు సరిచూసుకున్నాకే కదలండి.

ఇక్కడి నుంచి క్లాహామర్ కొండ వైపు చాలాభాగం నడకే. నెట్టేటప్పుడు సైకిల్‌కి ఎడమవైపు నడవండి. చైను అటు ఉండదు కాబట్టి పిక్కలు తెగవు. నిటారు మెట్ల దగ్గర ఈ వరస బాగా పనిచేస్తుంది: సైకిల్‌ని చేతులు చాచినంత ముందుకు నెట్టి, రెండు బ్రేకులూ బిగించి, దాని ఆధారంతో రెండడుగులు ఎక్కి, మళ్లీ నెట్టడం.

మోయాల్సి వస్తే సైకిల్‌ని ఎత్తి, ఫ్రేము కింది గొట్టం బ్యాగు పైభాగాన, మెడ వెనక ఆనేలా పెట్టుకోండి. ఒక చేత్తో ఫోర్కు కాలును, ఇంకో చేత్తో క్రాంకును (పెడల్ బిగించిన కడ్డీని) పట్టుకోవాలి. బరువు వీపు మీదకు వస్తుంది, చేతులు అలవవు.

పైన రాతిచట్టు మీద ఎదురుగా కొండలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. పది నిమిషాలు కూర్చోండి. జాకెట్ వేసుకోవాల్సిందీ, మోకాలి ప్యాడ్లు ఎక్కించాల్సిందీ, తినాల్సిందీ, బోల్టులు, టైర్లు మరోసారి నొక్కి చూడాల్సిందీ ఇక్కడే. ఒళ్లు చల్లబడక ముందే జాకెట్ వేసుకోండి.

7. ఆకుల మీద దిగడం

మొదటి పది నిమిషాలు మీకు వచ్చిన వేగంలో సగమే వాడండి. ఆ రోజు నేల ఎంత పట్టుతో ఉందో ఒంటికి తెలియాలి.

నిలబడే తీరు. సాడిల్ పూర్తిగా దించండి. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో, మడమలు కిందికి, మోకాళ్లూ మోచేతులూ వంచి ఉంచాలి. భయంతో బాగా వెనక్కి జరగడం ఇక్కడ అందరూ చేసే తప్పు. వెనక్కి జరిగితే ముందు చక్రం తేలికై ఆకుల మీద పక్కకు జారుతుంది. గడ్డం స్టెమ్‌కి దగ్గరగా, బరువు కాళ్ల మీద, చేతులు తేలిగ్గా ఉండాలి.

నేలను చదవడం. ఆకు ఎక్కువగా పోగయ్యేది పల్లంలో, రాళ్ల ఎగువ పక్కన, అడ్డదుంగల వెనక. చదునుగా, మెత్తగా పరుపులా కనిపించే చోటే ఎక్కువ అనుమానించాలి. గరుకుగా రాయి కనిపించే చోట నేల తెలుస్తుంది కాబట్టి అదే నమ్మదగిన దారి. బాట పక్క చెట్టు మొదలు ఎటు వాలి ఉందో, దాని వేర్లు ఎటు పోతున్నాయో చూస్తే ఆకుల కింద వేరు ఎక్కడ దాటుతుందో ముందే ఊహించవచ్చు. ముందు వెళ్లినవాళ్ల చక్రాలు ఆకులను తోసిన గాడి ఉంటే అది వాడుకోండి. కాని అది మీకన్నా నేర్పరి వెళ్లిన దారి కావచ్చని గుర్తుంచుకోండి.

బ్రేకు వేసే చోటు. ఆకులు పరుచుకున్న చోట బ్రేకు వేయడం కాదు, అక్కడికి చేరకముందే మట్టి కనిపించే చోట వేగం తగ్గించుకోవాలి. ఒక్కో లివర్ మీద ఒక్క వేలు చాలు. ఆకుల్లోకి వచ్చాక ముందు బ్రేకు దాదాపు వదిలేసి, వెనక దాన్ని తేలిగ్గా పట్టి ఉంచండి. ముందు చక్రం బిగుసుకుంటే పడటానికి క్షణం చాలు.

వేర్లు. చక్రం వేరుకు అడ్డంగా, లంబకోణంలో దాటాలి. ఏటవాలుగా దాటితే చక్రం దాని వెంట జారిపోతుంది. కోణం కుదరకపోతే వేరు మీద ఉన్నంత సేపు బ్రేకు, పెడలు, మలుపు మూడూ మానేయండి.

అడ్డదుంగలు. వాననీరు బాట మీద పారకుండా దుంగలు పాతుతారు. చాలాచోట్ల అవి ఏటవాలుగానే ఉంటాయి. ముందు చక్రాన్ని కొంచెం తేలిక చేసి, సైకిల్‌ని దుంగకు ఎదురుగా తిప్పి దాటండి.

మలుపులు. పొడి నేల మీద లాగా సైకిల్‌ని బాగా వాల్చకండి. వెడల్పుగా తీసుకుని, బయటి వైపు కాలు కిందికి పెట్టి, సైకిల్ వీలైనంత నిటారుగా ఉండేలా తిరగండి.

బండమెట్లు. ముందు దిగి, నడిచి, చూడండి. మెట్టు కింద ఉన్న ఆకులను కాలితో తోసి, చక్రం దిగే చోట ఏముందో తేల్చుకోండి. కింద కన్నం ఉంటే ముందు చక్రం అందులో ఇరుక్కుని మనిషి ముందుకు ఎగిరిపడతాడు. ఈ ట్రైల్ మీద నడిచి దిగడానికి ఎవరూ మొహమాటపడరు, మీరూ పడొద్దు.

ప్రెస్లీ గ్యాప్ రాగానే అయిపోయిందనుకుంటారు. కాలేదు. అక్కడి నుంచి హికరీ నాబ్ అనే గుట్ట వైపు ఇంకో ఎక్కుడు ఉంది. ఆ తర్వాతి దిగుడు వేగంగా ఉంటుంది, అప్పటికి చేతులు అలిసి ఉంటాయి. గ్యాప్‌లో ఐదు నిమిషాలు ఆగి, వేళ్లు విదిలించుకుని, చిక్కీ ఒకటి తిని కదలండి. కింద థ్రిఫ్ట్ కోవ్ కూడలి దగ్గర నడిచేవాళ్లు ఎక్కువ. నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాల్సింది సైకిల్ వాళ్లే. గుర్రం ఎదురైతే దిగి, బాటకు పల్లపు వైపు నిలబడి, మామూలు గొంతుతో పలకరించండి. మనిషి గొంతు వింటే గుర్రం బెదరదు.

8. వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

డిరైలర్‌లో పుల్ల ఇరుక్కోవడం. ఈ కాలంలో ఎక్కువ సైకిళ్లు ఆగిపోయేది దీనివల్లే. వెనక నుంచి టకటకమని శబ్దం వచ్చిన క్షణమే పెడల్ ఆపండి. బలంగా ఇంకో తొక్కు తొక్కితే పుల్ల డిరైలర్‌ని చువ్వల్లోకి లాగేస్తుంది, హ్యాంగర్ విరుగుతుంది. దిగి, పెడల్‌ని వెనక్కి తిప్పి, పుల్లను చేత్తో లాగేయండి.

గేర్లు ఎగిరిపోవడం. ముందు క్యాసెట్ పళ్ల మధ్య, డిరైలర్ చిన్న చక్రాల మధ్య నలిగిన ఆకులు తీసేయండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. అప్పుడే కేబుల్ బిగువు మార్చడం మొదలుపెడితే ఇంటికెళ్లాక మళ్లీ మార్చుకోవాలి.

మలుపులో టైరు గాలి బుస్సుమనడం. గాలి తక్కువైంది. రెండు మూడు పీఎస్‌ఐ పెంచండి.

దిగుడులో బ్రేకు బలం తగ్గడం. ప్యాడ్లు వేడెక్కాయి. లివర్‌ని ఆపకుండా పట్టి ఈడ్చడమే కారణం. ఆగి చల్లారనివ్వండి. డిస్కుని చేత్తో ముట్టుకోవద్దు, కాలుతుంది.

ముంజేతులు రాయిలా బిగుసుకోవడం. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటున్నారు, లేదా లివర్ దూరంగా ఉంది. లివర్‌ని వేలి మొదటి కణుపుకు అందేలా దగ్గరికి తిప్పండి.

కందిరీగలు. యెల్లో జాకెట్లు నేలలో గూడు కడతాయి. గట్టిగా మంచు పడేదాకా ఉగ్రంగా ఉంటాయి. ఒకటి కుట్టిందంటే ఆగకుండా వంద మీటర్లు ముందుకు వెళ్లిపోండి, వెనకున్నవాళ్లకు కేకేయండి. అలర్జీ ఉన్నవాళ్లు ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ లేకుండా రావద్దు.

నల్ల ఎలుగుబంటి. చలికాలం ముందు ఓక్ కాయల కోసం తిరుగుతుంది. కనిపిస్తే ఆగి, మాట్లాడుతూ మెల్లగా వెనక్కి జరగండి. పరుగు వద్దు.

తలకు దెబ్బ. మాట తడబడినా, వాంతి వచ్చినా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా ఆ మనిషి ఇక తొక్కకూడదు. ఇద్దరు దగ్గరుండి నడిపించండి, సిగ్నల్ దొరికిన చోట 911కి ఫోన్ చేయండి. మెడ నొప్పి ఉంటే మాత్రం కదపకండి.

9. మధ్యలో విరమించే దారులు

ప్రెస్లీ గ్యాప్ దగ్గర మాక్స్‌వెల్ కోవ్ రోడ్డు అందుతుంది. ఒంటిగంటన్నరకు ఇంకా క్లాహామర్ పైనే ఉన్నా, ఎవరికైనా దెబ్బ తగిలినా, వాన మొదలైనా, ఆ కంకర రోడ్డు పట్టుకుని క్లాహామర్ రోడ్డు మీదికి, అక్కడి నుంచి కారు దగ్గరికి చేరండి.

పొట్టి దారి కూడా దీనితోనే కుదురుతుంది. క్లాహామర్ రోడ్డు ఎక్కి, బక్‌హార్న్ దాకా పోకుండా, మాక్స్‌వెల్ కోవ్ రోడ్డు మీదుగా ప్రెస్లీ గ్యాప్ చేరి కింది సగం మాత్రమే దిగడం. సైకిల్ మోసే పని దాదాపు తప్పుతుంది. మొదటిసారి వచ్చేవాళ్లకు మా సలహా ఇదే.

10. కారు దగ్గరికి వచ్చాక

- తడి బట్టలు వెంటనే మార్చండి
- మోకాలి వెనక, నడుము దగ్గర, చంకల్లో పిడుదుల (టిక్స్) కోసం వెతకండి. అవి అక్టోబర్‌లోనూ తిరుగుతాయి. పట్టుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి
- పాయిజన్ ఐవీ ఆకు ఈ కాలంలో ఎర్రబడి అందంగా ఉంటుంది. మూడేసి ఆకులున్న ఎర్రతీగకు తగిలారనిపిస్తే చేతులూ కాళ్లూ సబ్బుతో కడగండి, గ్లోవ్స్ విడిగా ఉతకండి
- సైకిల్‌ని తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగి, చైను తుడిచి, నూనె వేయండి
- బ్రేకు ప్యాడ్లు మళ్లీ కొలవండి. పొద్దుటికీ ఇప్పటికీ తేడా చూస్తే తర్వాతి రైడ్‌కి అవి సరిపోతాయో లేదో తెలిసిపోతుంది

తర్వాత ఏది చేయాలంటే, బెన్నెట్ గ్యాప్ ట్రైల్ సైకిళ్లకు అక్టోబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా తెరుస్తారు. బ్లాక్ మౌంటెన్ పూర్తిగా దిగగలిగినవాళ్లకు అది సరైన రెండో మెట్టు. ఫార్లో గ్యాప్ ట్రైల్ పేరు విని ఉత్సాహపడేవాళ్లు చాలామందే ఉన్నారు. దాని పైభాగమంతా నిటారుగా ఉన్న వదులు బండలు. ఆకులు నిండి ఉన్న నెలల్లో దాని జోలికి పోవద్దు, వేసవిలో పొడి రోజున, దారి తెలిసినవాళ్లతో కలిసి వెళ్లండి.